పాత ట్రెక్ నోట్‌ని తిరగరాయడం ఎలా: హైదరాబాద్ చుట్టుపక్కల గుట్టలెక్కేవాళ్ల కోసం

వానలు తగ్గి నవంబరు వచ్చిందంటే చాలు, హైదరాబాద్‌లో ట్రెక్కింగ్ వాట్సాప్ గ్రూపులన్నిటిలో అవే పాత రూట్ నోట్స్ మళ్లీ తిరగడం మొదలవుతుంది. ఎవరో ఎప్పుడో రాసినవి, తేదీ ఉండదు, రాసిందెవరో తెలీదు, "గుడి వెనక నుంచి ఎడమకి తిరిగి పెద్ద బండ ఎక్కితే పైకి వెళ్లిపోతాం, ఈజీ, రెండు గంటలు చాలు" అని నాలుగు ముక్కలుంటాయి, వాటిని నమ్ముకుని పాతికమంది కొత్తవాళ్లు ఆదివారం తెల్లారకముందే కార్లేసుకుని బయల్దేరతారు. రాసిన రోజున అది నిజమే అయ్యుండొచ్చు. ఆ తర్వాత గుట్టకి ఒక పక్క క్వారీ వచ్చి ఉండొచ్చు, గుడి వెనక వెంచర్ వేసి ప్రహరీ కట్టేసి ఉండొచ్చు, బండ మీద ఒక పొర ఊడిపడి ఉండొచ్చు. నోట్ మాత్రం అలాగే ఉంటుంది, ఇంకా ఎక్కువ మందికి ఫార్వర్డ్ అవుతూ ఉంటుంది.

మీరు గ్రూపు నడిపేవాళ్లయినా, నలుగురు ఫ్రెండ్స్‌ని తీసుకెళ్లేవాళ్లయినా, ఈ సీజన్‌లో కనీసం ఒక్క గుట్ట నోట్‌ని సరిచేసి పెట్టండని అడగడానికే ఇది రాస్తున్నాను. చాలామంది అప్‌డేట్ చేయమంటే పాతదాని కింద ఇంకో నాలుగు లైన్లు కలుపుతారు. దానివల్ల నోట్ పొడుగవుతుంది గానీ ఎవరికీ మేలు జరగదు. ఇప్పుడు నిజం కానివి ముందు తీసేయాలి. మిగిలిన ప్రతి ముక్కా ఎప్పుడు, ఎలాంటి వాతావరణంలో చూసి రాశారో తెలియాలి. ఈ రెండూ చేస్తే సగం ప్రమాదాలు అక్కడే తప్పుతాయని నా గట్టి నమ్మకం.

రాయి ఎక్కడికి పోతుంది, దారి ఎందుకు మారుతుంది అని కొందరు అడుగుతారు. మన చుట్టూ ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు, నిజమే. కానీ ఈ గ్రానైటు ఉల్లిపాయలాగా పొరలు పొరలుగా విడిపోతూ ఉంటుంది. మీదున్న బరువు పోయేకొద్దీ బండ పైకి పొంగి పొరలుగా పగులుతుంది, పగటి ఎండకి వ్యాకోచించి రాత్రి చలికి ముడుచుకుంటూ ఆ పొరలు ఇంకా వదులవుతాయి, పగుళ్లలోకి నీళ్లూ చెట్ల వేళ్లూ దిగుతాయి. గుండు మీద గుండు నిలబడి ఉన్న మన గుట్టలన్నీ అలా తయారైనవే. పోయిన ఏడాది గట్టిగా ఉన్న అంచు ఈ ఏడాది చేతిలోకి ఊడి రావచ్చు.

పెద్ద పర్వతాల మీదైతే దారి మార్చడమే ఒక ఉద్యోగం. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్ట్ దక్షిణం వైపు ఖుంబు ఐస్‌ఫాల్‌లో (మంచునది పగిలి ముక్కలుగా కిందికి దిగే చోటు అది) మంచు చరియ విరిగిపడి 16 మంది నేపాలీ శ్రామికులు చనిపోయారు. ఆ చరియ ఎవరెస్ట్ పడమటి భుజం మీద వేలాడుతున్న మంచు నుంచి వచ్చింది, దారేమో సరిగ్గా దాని కింద నుంచే పోయేది. మరుసటి ఏడాది అక్కడ తాళ్లూ నిచ్చెనలూ కట్టే షెర్పాల బృందం దారిని ఐస్‌ఫాల్ మధ్యలోకి జరిపింది. అది ఇంకా కష్టమైన దారి, ఎక్కువ టైమ్ పడుతుంది, అయినా సరే జరిపారు. ఆల్ప్స్ సంగతి ఇంకో రకం. మాంట్ బ్లాంక్ పర్వతాల్లో 1970లలో ఒక గైడ్‌బుక్కులో రాసిన ఎక్కుడు దారుల్లో 95 దారుల్ని 2019లో మళ్లీ పరిశీలిస్తే, వేడెక్కుతున్న వాతావరణం వల్ల 93 ఏదో ఒక మేరకు మారిపోయాయని, మూడు దారులు పూర్తిగా లేకుండా పోయాయని తేలింది. మన దగ్గర మంచు లేదు. దాని బదులు క్వారీ మిషన్లు ఉన్నాయి, రియల్ ఎస్టేట్ ఉంది. ఖాజాగూడ బండల చుట్టూ భవనాలు ఎలా లేచాయో సిటీలో ఉన్న ఎవరికైనా తెలుసు, 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లు ఈ రాళ్ల కోసం పోరాడుతూనే ఉన్నారు.

ముందు ఇంట్లో చేసే పని

పాత నోట్‌ని ప్రింట్ తీసుకోండి, ఫోన్లో చూస్తే ఈ పని కాదు. ప్రతి వాక్యం పక్కన ఒక గుర్తు పెట్టండి: ఇది మారనిదా (గుట్ట ఏ ఊళ్లో ఉంది, ఎత్తెంత), మారేదా (బాట, కంచె, చెట్టు, నీళ్లు, తేనెతుట్టె), లేక రాసినవాడి అభిప్రాయమా (ఈజీ, సూపర్, ఎవరైనా ఎక్కొచ్చు). మామూలుగా సగం పైన అభిప్రాయాలే తేలతాయి. మారేవాటిని గుట్ట దగ్గరికెళ్లి చూడాలి, అభిప్రాయాల్ని కొట్టేయాలి, వాటి బదులు ఏం రాయాలో కింద చెప్తాను.

తర్వాత కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిచి పాత ఏళ్ల ఫొటోలు చూపించే గడియారం గుర్తు నొక్కండి. అదే గుట్టని ఏడాదికొక ఫొటో చొప్పున వెనక్కి చూసుకుంటూ పోతే క్వారీ ఎటు నుంచి తింటూ వస్తుందో, కొత్త రోడ్డు ఎప్పుడు పడిందో, కుంట ఎండిపోయిందో లేదో కనిపిస్తుంది. ఇది అరగంట పని, కానీ అక్కడికి వెళ్లాక ఏం వెతకాలో దీనివల్లే తెలుస్తుంది. ఒక జాగ్రత్త: అన్నిటికంటే కొత్త ఫొటో కూడా నెలలో ఏళ్లో పాతదై ఉండొచ్చు, మూల మీద తేదీ ఉంటుంది, చూసుకోండి.

అనుమతి సంగతి కూడా ఇంట్లోనే తేల్చుకోవాలి. గుట్ట రిజర్వు ఫారెస్టులో ఉందా, పురావస్తు శాఖ కింద ఉన్న కోటా, గుడి భూమా, ఎవరిదైనా పట్టా పొలం దాటి వెళ్లాలా? నల్లమలలో సలేశ్వరం దారినే చూడండి, అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల ఉంది, ఏడాదిలో చైత్ర పౌర్ణమి జాతర చుట్టూ కొద్ది రోజులే జనాన్ని వెళ్లనిస్తారు. జాతరలో వెళ్లొచ్చినవాళ్లు సంబరంగా రాసిన దారి వివరాల్ని ఎవరో డిసెంబర్‌లో చదివి బయల్దేరితే, అడవిలో ఒక్కడే తప్పిపోవడానికీ కేసు పడడానికీ మనమే దారి చూపించినట్టు. అందుకని అనుమతి ఎవరిదో, ఏ రోజుల్లో తెరిచి ఉంటుందో నోట్‌లో మొదటి లైన్లోనే రాయండి, చివర్లో కాదు.

గుట్ట మీద ఏం చూడాలి

వానాకాలం అయిపోయాక సీజన్ మొదలయ్యే ముందు వెళ్లడం మంచిది, అక్టోబరు చివర అయితే ఇంకా బాగు. గ్రూపుని తీసుకెళ్లొద్దు, ఇద్దరు ముగ్గురు చాలు. గ్రూపుతో వెళ్తే మీ కళ్లు మనుషుల మీద ఉంటాయి గానీ దారి మీద ఉండవు.

మొదట ఊళ్లో ఆగండి. అడిగే పద్ధతి ముఖ్యం. "పెద్దయ్యా, పైకి దారి ఉందా?" అని అడిగితే "ఉంది, పోండ్రి" అంటారు, ఆయన చిన్నప్పటి నుంచీ చెప్పుల్లేకుండా ఎక్కిన దారి అది, ఆయనకి ఉన్నట్టే. అలా కాకుండా "మేకల్ని ఏ దిక్కు తోలుకపోతరు? ఈ వానలకు ఏమన్న కూలిందా? తేనెటీగలు ఏ బండకున్నయి? మీరు ఎటు పోరు?" అని అడగండి. ఈ చివరి ప్రశ్నకి వచ్చే జవాబు బంగారం. మేకల కాపరి ఫలానా పక్కకి పోను అన్నాడంటే దానికి కారణం ఉంటుంది, ఆ కారణం నోట్‌లో ఉండాలి. క్వారీ ఉంటే బ్లాస్టింగ్ ఏ టైమ్‌లో చేస్తారో కూడా ఊళ్లోవాళ్లనే అడగండి. రాళ్లు ఎగిరిపడే దూరంలోంచి మన దారి పోతుంటే ఆ దారిని వదిలేయాల్సిందే, టైమ్ చూసుకుని దాటేద్దాం అనుకోవద్దు.

బండ ఎక్కేటప్పుడు చేత్తో పట్టుకునే ప్రతి అంచునీ ముందు పిడికిలితో తట్టి చూడండి. గట్టి బండ తడితే చెయ్యి నొప్పి పెడుతుందే గానీ చప్పుడు రాదు. పొర విడిపోయిన చోట డొల్లగా మోగుతుంది, కుండ మీద కొట్టినట్టే ఉంటుంది, ఒక్కోసారి అరచెయ్యి ఆనిస్తే పక్కనోడు తట్టినప్పుడు కింద కదలిక కూడా తెలుస్తుంది. అలాంటి చోట అంచు చుట్టూ చూస్తే సన్నటి పగులు కనిపిస్తుంది. ఆ పగులులో మట్టీ గడ్డీ ఉంటే అది పాతది. లోపలి రాయి రంగు తాజాగా, లేతగా కనిపిస్తే ఈమధ్యే విడిపోయినది. దాని ఫొటో తీయండి, ఆ చోటు గుర్తించండి, "ఇక్కడ అంచు పట్టుకోవద్దు" అని రాయండి. ఊడేలా ఉంది కదా అని కాలితో తోసేయకండి, కింద ఎవరున్నారో మీకు కనబడదు.

పరుపుబండల మీద పై నుంచి కిందికి నల్లటి చారలు ఉంటాయి చూడండి, వాన నీళ్లు జారే దారులు అవి. నాచు పట్టి ఎండిపోయిన చారలు. ఎండలో వాటి మీద బూటు బాగానే పట్టుకుంటుంది, నాలుగు చినుకులు పడితే మాత్రం సబ్బు రాసినట్టు అయిపోతుంది. దారి ఎన్ని చోట్ల ఈ చారల్ని దాటుతుందో, దాటకుండా పక్క నుంచి వెళ్లే వీలుందో లేదో తప్పకుండా రాయాలి. పొద్దున్నే మంచు కురిసినా కూడా అంతే, నవంబరు డిసెంబరుల్లో తెల్లారుజామున ఎక్కేవాళ్లు వానలేదు కదా అనుకుంటారు.

తేనెతుట్టెల గురించి విడిగా చెప్పాలి. కోట గోడలకీ, వంగి ఉన్న బండల కిందా వేలాడే పెద్ద తుట్టెలు మన దగ్గర మామూలు. ఆ ఈగలు ఒక చోటే ఉండవు, సీజన్ బట్టి వలసపోతాయి, మళ్లీ చాలాసార్లు అదే బండకి వస్తాయి. కాబట్టి మీరు వెళ్లినప్పుడు తుట్టె లేకపోయినా పాత మైనపు మచ్చలు బండకి అంటుకుని కనిపిస్తే అది కూడా రాయాలి. "తుట్టె లేదు" అని రాయొద్దు, "ఫలానా నెలలో తుట్టె లేదు, పాత మచ్చలున్నాయి" అని రాయండి. పొగ, సెంటు వాసన, డ్రోన్ చప్పుడు, పెద్ద గోల, ఇవన్నీ వాటిని రేపుతాయి. తుట్టె కింద నుంచి వెళ్లే దారిని నోట్ నుంచి తీసేయండి, వ్యూ ఎంత బాగున్నా సరే. ఈగలు లేస్తే ముఖం కప్పుకుని ఎటు పరుగెత్తాలో, దగ్గర్లో తలుపు వేసుకునే గది గానీ కారు గానీ ఎక్కడుందో ఒక్క లైన్లో పెట్టండి.

దిగడం కూడా చూడాలి, ఇది చాలామంది వదిలేస్తారు. ఎక్కేటప్పుడు బాట మన ముందు తెలుస్తూనే ఉంటుంది, దిగేటప్పుడు పై నుంచి అన్ని పరుపుబండలూ ఒకేలా కనిపిస్తాయి, తప్పు బండ మీద దిగడం మొదలుపెడితే అది కిందికి పోయేకొద్దీ ఏటవాలు పెరిగి చివరికి నిలువు గోడ అవుతుంది. అక్కడ ఇరుక్కున్నవాడు ముందుకూ పోలేడు వెనక్కీ రాలేడు. పైన ఏ చోటు నుంచి దిగడం మొదలుపెట్టాలో, అక్కడ నిలబడితే ఎదురుగా ఏం కనబడాలో (చెరువా, సెల్ టవరా, గుడి గోపురమా) రాసి, అక్కడే నిలబడి తీసిన ఫొటో పెట్టండి.

రాసేటప్పుడు ఈ మాటలు వాడకండి

"ఈజీ" మొదటిది. ఎవరికి ఈజీ? దాని బదులు మూడు సంగతులు రాయండి: చేతులు వాడాలా లేక నడిస్తే చాలా, జారితే ఎక్కడ ఆగుతాం, మధ్యలో భయం వేస్తే అక్కడి నుంచి వెనక్కి రావచ్చా. ఈ మూడూ తెలిస్తే చదివేవాళ్లే తేల్చుకుంటారు, మనం గ్రేడ్ ఇవ్వనక్కర్లేదు.

"ఎడమ, కుడి" రెండోది. ఎక్కేటప్పుడు ఎడమ దిగేటప్పుడు కుడి అవుతుంది. తూర్పు, పడమర అని రాయండి, పొద్దున్నే ఎక్కేవాళ్లకి సూర్యుడే దిక్సూచి. "ఎండిన చెట్టు దగ్గర", "ఎర్ర బాణం గుర్తు దగ్గర" లాంటివి కూడా వద్దు, చెట్టు కొట్టేస్తారు, బాణాలు ఎవడు పడితే వాడు వేస్తాడు.

"రెండు గంటలు" మూడోది. టైమ్ లెక్కకి 1892లో స్కాట్లాండ్ కొండలెక్కే నైస్మిత్ చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: గంటకి 5 కిలోమీటర్ల నడక, దానిపైన ప్రతి 600 మీటర్ల ఎత్తుకీ ఇంకో గంట. 3 కిలోమీటర్ల దారి, 200 మీటర్ల ఎత్తు అనుకుంటే నడకకి 36 నిమిషాలు, ఎత్తుకి 20, మొత్తం 56 నిమిషాలు. అయితే ఇది ఆగకుండా నడిచే గట్టివాళ్ల లెక్క. మన దగ్గర ఆఫీసులో కూర్చునేవాళ్లు వారానికోసారి వచ్చేది, పైగా ఎండ, ఫొటోలు, అందుకని గ్రూపులో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లని చూసి రాయండి, దాదాపు రెట్టింపు అవుతుంది. టైమ్ కన్నా ముఖ్యమైనది, ఎన్ని గంటలకి ఎక్కడున్నా వెనక్కి తిరగాలన్నది. నవంబరు చివర్లో హైదరాబాద్‌లో సాయంత్రం 5:40కే సూర్యుడు అస్తమిస్తాడు, ఆ తర్వాత పాతిక నిమిషాల్లో పూర్తిగా చీకటి. జూన్ చివర్లో 6:50 దాటుతుంది. ఎండాకాలంలో రాసిన నోట్ పట్టుకుని చలికాలంలో సాయంత్రం ట్రెక్‌కి వెళ్తే గంటకు పైగా వెలుతురు తక్కువ పడుతుంది, ఇరుక్కుపోవడానికి అంత చాలు.

ఇప్పుడు మొదట్లో చెప్పిన ఆ నోట్‌ని తిరగరాద్దాం. ఒక గుట్టని ఊహించుకోండి, అదే గుడి, అదే బండ.

"గుడి వెనక గోడకి తూర్పు చివర నీళ్ల ట్యాంకు ఉంది. అక్కడి నుంచి మేకల బాట ఉత్తరంగా పోతుంది, పావుగంటలో పరుపుబండ వస్తుంది. మొదట నడిచి ఎక్కొచ్చు, సగం దాటాక చేతులు ఆన్చాలి. పడమటి అంచున జారితే ఆగే చోటు లేదు, తూర్పున పొదల వెంబడే ఎక్కాలి. బండ తడిగా ఉన్నా, నల్ల చారల్లో నీళ్లు కనిపించినా ట్యాంకు దగ్గర నుంచే వెనక్కి. ఎక్కిన దారినే దిగాలి. దక్షిణం వైపు పాత దారి క్వారీలో పోయింది, పై నుంచి చూస్తే ఉన్నట్టే కనిపిస్తుంది, దిగొద్దు. చూసింది: నవంబరు రెండో వారం, పొద్దున 7 గంటలకి, పొడి బండ మీద. వానలో చూడలేదు."

చూడలేదు అని రాయడానికి మొహమాటపడకండి. చూసినదాన్ని చూశాననీ, విన్నదాన్ని ఊళ్లోవాళ్లు చెప్పారనీ, పాత నోట్ నుంచి తీసుకున్నదాన్ని పాతదనీ రాయాలి. చదివేవాళ్లకి దేన్ని ఎంత నమ్మాలో అప్పుడే తెలుస్తుంది.

ఎండ, పిడుగు, పాము

ఎండ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, మార్చి నుంచి వానలు పడేదాకా బండ మీద నీడ ఉండదు, పొద్దున 9కల్లా కిందికి వచ్చేయాలని రాయండి, దారిలో తాగే నీళ్లు ఉన్నాయా లేవా రాయండి. దొనల్లో నీళ్లు కనబడతాయి, అవి తాగేవి కావు.

పిడుగుల గురించి మన నోట్స్‌లో ఎవరూ రాయరు, నాకు అదే ఎక్కువ బాధ. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాకా మండే ఎండ, సాయంత్రానికి ఉరుములు. బోడిగుండు మీద నిలబడ్డ మనిషే అక్కడ అన్నిటికంటే ఎత్తైన వస్తువు. మెరుపు కనబడ్డాక ఉరుము వినబడేదాకా లెక్కపెట్టాలి, ప్రతి 3 సెకన్లకీ సుమారు ఒక కిలోమీటరు. 30 సెకన్ల లోపే వినబడిందంటే 10 కిలోమీటర్ల లోపు ఉన్నట్టు, అప్పటికే దిగిపోతూ ఉండాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాల దాకా మళ్లీ ఎక్కొద్దు. ఒంటరి చెట్టు కిందా, కోట మీద తెరిచి ఉన్న మండపంలో, బండ కింద చిన్న గుహలో దాక్కోవడం కాపాడదు. మీ గుట్ట మీద ఏ చోటు నుంచి ఎంతసేపట్లో కిందికి చేరగలరో కొలిచి రాయండి, ఆ నిమిషాలే అవసరమైనప్పుడు పనికొస్తాయి.

పాము కరిస్తే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టు బిగించడం వద్దనీ, కరిచిన కాలో చెయ్యో కదపకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలనీ ఒక లైన్ చాలు. కానీ ఏ ఆస్పత్రికి? అది మీరు కనుక్కోవాలి. దగ్గర్లో ఉన్న ప్రభుత్వాస్పత్రికి వెళ్లి లేదా ఫోన్ చేసి పాము విషానికి విరుగుడు మందు ఉందా, రాత్రి డాక్టర్ ఉంటారా అని అడిగి, అడిగిన తేదీతో సహా రాయండి. మ్యాప్‌లో దగ్గరగా కనబడే ఆస్పత్రి ఆదివారం మూసి ఉండొచ్చు.

ఆపదలో చదివే పేజీ

ఇది విడిగా ఒక పేజీ పెట్టండి, అన్నిటికంటే పైన. కాలు విరిగిన మనిషి పక్కన కూర్చుని వణుకుతున్న చేతులతో ఫోన్ చేసేవాళ్లు చదివే పేజీ ఇది. 108 అంబులెన్స్‌కి, 112కి ఫోన్ చేసినప్పుడు వాళ్లు అడిగేవి అందులో ఉండాలి: ఊరి పేరు, మండలం, జిల్లా, అంబులెన్స్ వచ్చి ఆగగలిగే చివరి చోటు, అక్కడి నుంచి గుట్ట మొదటికి నడక ఎంత. అంబులెన్స్ ఆగే చోటు అంటే మన కారు ఆపే చోటు కాకపోవచ్చు, మట్టిదారి వానకి ఎలా ఉంటుందో చూడండి. ఆ చోటు అక్షాంశం, రేఖాంశం దశాంశాల్లో ఐదు అంకెల దాకా రాయండి. ఐదో అంకె అంటే దాదాపు ఒక మీటరు, నాలుగు అంకెలైతే 11 మీటర్లు, రెండు అంకెలతో రాస్తే కిలోమీటరు పైన తేడా వచ్చేస్తుంది.

ఫోన్ సిగ్నల్ ఎక్కడ ఏ నెట్‌వర్క్‌కి వస్తుందో కూడా నడుస్తూ చూసుకోండి, వెళ్లే ఇద్దరు ముగ్గురి దగ్గర వేరే వేరే సిమ్‌లు ఉంటే ఆ పని సులువు. మీ నెట్‌వర్క్ లేకపోయినా వేరే కంపెనీ సిగ్నల్ ఉంటే 112కి మామూలుగా కాల్ వెళ్తుంది, ఏ సిగ్నలూ లేని చోట వెళ్లదు. "గుట్ట పైన తూర్పు గుండు దగ్గర సిగ్నల్ ఉంది, మధ్యలో లోయలో ఏ నెట్‌వర్కూ లేదు" అని రాస్తే, సాయం కోసం ఎవరు ఎటు పరుగెత్తాలో తెలుస్తుంది.

జీపీఎస్ ట్రాక్ సంగతి

మీరు నడిచిన ట్రాక్‌ని అలాగే షేర్ చేయకండి. దారి తప్పి వెనక్కి వచ్చిన ముక్కలు, ఫొటో కోసం అంచు దాకా వెళ్లిన ముక్కలు, అన్నీ అందులో ఉంటాయి. చదివేవాళ్లకి అదంతా దారే. ఇంటికొచ్చాక ఆ ముక్కలు తీసేయండి. మరీ ముఖ్యంగా, శాటిలైట్ ఫొటో మీద మౌస్‌తో గీత గీసి దారి అని ఇవ్వొద్దు, నడవని దారిని ట్రాక్‌గా ఇవ్వడం అంటే అబద్ధం చెప్పడమే. బహిరంగంగా ఉన్న చోట ఫోన్ జీపీఎస్ ఐదారు మీటర్ల లోపు చూపిస్తుంది, నిలువు బండ పక్కన సిగ్నల్ రాయికి తగిలి వస్తుంది కాబట్టి ఇంకా ఎక్కువ తేడా వస్తుంది, అంచు దగ్గర ఆ తేడా అంటే గాల్లో ఉన్నట్టు. అందుకని అంచుల దగ్గర ఫోన్ చూసి కాదు, బండ చూసి నడవమని రాయండి.

తాళ్లూ బోల్టులూ ఉన్న దారులు వేరే సబ్జెక్టు, వాటిని నడక నోట్‌లో కలపొద్దు. భువనగిరిలో మెట్ల దారిన కోట ఎక్కడానికీ, అదే ఏకశిల మీద తాడు కట్టుకుని ఎక్కడానికీ సంబంధమే లేదు, రెండోదానికి శిక్షణ తీసుకున్నవాళ్లతోనే వెళ్లాలి. నడకదారిలో పాత బోల్టు గానీ, ఎవరో వదిలేసిన తాడు ముక్క గానీ కనిపిస్తే అది ఎక్కడుందో రాసి "దీన్ని పట్టుకోవద్దు" అని పక్కనే రాయండి. నైలాన్ తాడు ఎండకి లోపల్లోపలే బలం కోల్పోతుంది, పైకి రంగు వెలిసినట్టు మాత్రమే కనబడుతుంది. బోల్టుకి బయట తుప్పు ఇంత ఉంటే లోపల ఎంతుందో తెలీదు.

ఇంకొకరితో నడిపించి చూడండి

నోట్ రాశాక, ఆ గుట్టకి ఎప్పుడూ రాని మనిషి చేతికిచ్చి, మీరు వెనకాల నడవండి. నోరు విప్పకూడదు. ప్రమాదం అనిపిస్తే ఆపండి, అంతే, దారి మాత్రం చెప్పొద్దు. ఆ మనిషి ఎక్కడ ఆగి రెండుసార్లు చదివాడు, ఎక్కడ తల ఎత్తి అటూ ఇటూ చూశాడు, ఎక్కడ ధైర్యంగా తప్పు దారి పట్టాడు, అవన్నీ గుర్తు పెట్టుకోండి. ఆగిన చోట మీ వాక్యం సరిగ్గా లేదు. ధైర్యంగా తప్పు పట్టిన చోట ఇంకా ప్రమాదం, ఎందుకంటే అక్కడ ఇంకో బాట బాగా కనబడుతోంది, దాని గురించి మీరు రాయనే లేదు. "నీటి గుంట దాటాక బాట రెండుగా చీలుతుంది, బాగా అరిగినది పొలాల్లోకి పోతుంది, మనది సన్నటిది" అని అప్పుడు రాస్తారు. ఈ పరీక్ష నేను ఎంతమందికి చెప్పినా చాలామంది చెయ్యరు, టైమ్ లేదంటారు. ఒక్కసారి చేసి చూడండి, మీ నోట్ ఎన్ని చోట్ల మారుతుందో మీకే తెలుస్తుంది.

గ్రూపులో వచ్చినవాళ్లని తృటిలో తప్పిన ప్రమాదాల గురించి కూడా అడగండి. ఎవరికీ దెబ్బ తగల్లేదు కాబట్టి ఎవరూ చెప్పరు. ఒకే బండ దగ్గర వేరే వేరే గ్రూపుల్లో ఇద్దరు ముగ్గురు జారారని తెలిస్తే, తప్పు వాళ్లది కాదు, దారిది. పేర్లు అడక్కుండా, ఎవర్నీ తిట్టకుండా అడిగితేనే చెప్తారు.

పంపేటప్పుడు

పీడీఎఫ్‌లు పంపితే పాతవి చావవు. ఒకే లింకు పెట్టుకుని దాన్నే మారుస్తూ ఉండండి. ఎలాగూ స్క్రీన్‌షాట్లు తీస్తారు కాబట్టి ప్రతి పేజీ మీదా తేదీ ఉండేలా చూడండి, దాని పక్కనే "ఈ తేదీ తర్వాత ఒక వానాకాలం దాటితే మళ్లీ చూసేదాకా దీన్ని వాడొద్దు" అని పెట్టండి. పైన ఈసారి ఏం మారిందో రెండు మూడు లైన్లు: దక్షిణం దారి తీసేశాం, ఆస్పత్రి మార్చాం, వెనక్కి తిరగాల్సిన టైమ్ మార్చాం.

దారి మూసేయాల్సి వస్తే నోట్‌ని డిలీట్ చేయకండి. డిలీట్ చేస్తే గ్రూపులో పాతదే మిగులుతుంది, వెతికేవాళ్లకి అదే దొరుకుతుంది. అదే లింకులో "ఈ దారి మూసేశాం, కారణం ఇది" అని పెద్దక్షరాల్లో పెట్టండి. గూగుల్ మ్యాప్స్‌లో ఆ పిన్ ఉంటే సవరణ సూచించండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎవరైనా అకౌంట్ తెరిచి మార్చొచ్చు, అక్కడ బాట ఇంకా నేల మీద కనబడుతుంటే గీతని చెరిపేయకుండా వెళ్లకూడదన్న గుర్తు పెట్టడం మేలు, చెరిపేస్తే శాటిలైట్ ఫొటో చూసిన ఇంకెవరో మంచి మనసుతో మళ్లీ గీస్తారు. మార్చాక పాత నోట్ తిరుగుతున్న గ్రూపులన్నిటిలో కొత్త లింకు వేసి, పాత మెసేజ్‌ని ఎవరు పెట్టారో వాళ్లకి విడిగా ఒక మాట చెప్పండి, "అన్నా, ఇది మారింది, దీన్ని తీసేసి ఇది పెట్టవా" అని. గ్రూపులో అందరి ముందు తప్పు పడితే తీయరు, విడిగా అడిగితే దాదాపు అందరూ తీస్తారు.